సందుల్లేని వీధి

భానోజీరావు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. అడిగిన పాపానికి వెంట నడవాల్సిందే.

ఆ సాయంత్రం అడిగింది ఆయన దగ్గర పరిశోధన చేసే తబిత. బొగ్గు రేణువులు నింపిన గొట్టంలోకి రెండు వాయువుల్ని పంపితే, అవి రేణువులకు అంటుకుంటూ, విడిపోతూ ఎలా సాగుతాయో ఆమె సమీకరణాలు చెప్పాలి. అవి చెప్పింది మాత్రం విడ్డూరం. ఒకచోట వాయువు గుమిగూడి, వెడల్పన్నదే లేని గీత మీద అంతులేని ఎత్తుకు లేచి, పోనుపోను ఇంకా పోగవుతూ ముందుకు కదులుతోంది. గ్రాఫులో ఇలాంటి ముల్లు లేస్తే నున్నగా చేసెయ్యడం ఆ ల్యాబులో అలవాటు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు దువ్వడం. దువ్వేస్తే అక్కడ పోగైన వాయువు లెక్కలోంచి మాయమవుతుంది, కానీ సోమవారం థీసిస్ ఇచ్చేయొచ్చు. ఉంచితే, అది నిజమేనని పరీక్షకుల ముందు నిలబడి వాదించాలి. తేడా వస్తే ఇన్నేళ్ల చదువూ గంగపాలే.

"దువ్వెయ్యనా మాస్టారూ, ఉంచనా?"

ఆయన చెప్పులేసుకున్నారు.

గేటు బయట వినాయకుడి ఊరేగింపు సాగుతోంది. పొడుగాటి వీధి, రెండు పక్కలా ప్రహరీ గోడలే. డప్పుల దగ్గరివాళ్లు చిందులేస్తూ అంగుళం అంగుళం కదులుతున్నారు. వెనకవాళ్లు పరుగున వచ్చి వాళ్ల మీద పడుతున్నారు. అక్కడ సూది మోపే చోటు లేదు.

ఒకావిడ ఏడుపు గొంతుతో ఎదురొచ్చింది. "మా మావయ్యగారు కనబడ్డం లేదండీ, ఎర్ర కండువా ఏసుకున్నారు! మొన్నే గుండెకి స్టెంట్ ఏశారు. ముందంతా చూశాను, ఎనకంతా చూశాను."

"డప్పుల దగ్గర?" అడిగారు మాస్టారు.

"ఆ తొక్కిసలాటలోనా? అక్కడ మనిషన్నవాడు ఉంటాడాండీ!"

"ఈ వీధికి సందుల్లేవు కదమ్మా," అన్నారాయన.

తబితకు తన గొట్టం గుర్తొచ్చింది, దానికీ సందుల్లేవు. ఇంకేమీ వినకుండా మోచేతులతో తోసుకుంటూ గుంపులోకి దూరింది. చాలాసేపటికి ఒక ముసలాయన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. చొక్కా చిరిగింది, ఒంటినిండా రంగు, ఆయాసం. పైగా కోపం. "దరువు ఇప్పుడే అందుకుంది, ఎవరే నువ్వు!" కోడలు తిడుతూ, ఏడుస్తూ ఆయన్ని ఆటో ఎక్కించింది. ఆ తిట్లు విని తబితకు ప్రాణం లేచొచ్చింది.

తిరిగొస్తూ ఆమె నెమ్మదిగా అంది, "ముల్లు ఉంచేస్తాను. కానీ అంతులేని ఎత్తు ఎక్కడైనా ఉంటుందా అని పరీక్షకులు అడిగితే ఏం చెప్పను మాస్టారూ?"

"దాని సంగతి నాకూ తెలీదు తల్లీ. ముసలాయన మాత్రం ఇంటికెళ్లాడు."