కాటమ్మ కాచిన గడప

అడివి అంచున, ఇప్పచెట్టు వేళ్ళ కింద, గండుచీమల పుట్ట ఒకటుంది. పుట్ట నడిమధ్యన చిట్టిరాణి గది. ఆ గదికి ఒకటే గడప, ఆ గడపకి ఒకటే కాపలా, కాటమ్మ. చిట్టిరాణి గుడ్డులో ఉన్ననాటి నుంచీ ఆమె అక్కణ్ణించి కదల్లేదు. ఆ పుట్టలో మీసాలున్నది ఆడవాళ్ళకే. వచ్చినవాళ్ళ ఒళ్ళు కాటమ్మ మీసాలతో తడిమి చూసేది. ఇంటి వాసనైతే దారి ఇచ్చేది, పరాయి వాసనైతే తల కొరికేది. ఆమెకి తెలిసిన శాస్త్రం అంతే.

ఆ ఏడు పుట్టకి లేతతెగులు పట్టింది. కొత్తగా పుట్టిన సిపాయి చీమలకి సగంలోనే ఎదుగుదల ఆగిపోయేది. కాపలా కాయవు, మట్టి మోయవు. తినడం, తమలాంటివాళ్ళని పుట్టించడం, అంతే. దారులన్నీ వాటితోనే కిక్కిరిసిపోయాయి. పనిచేసేవాళ్ళకి తిండీ లేదు, నడిచే చోటూ లేదు.

వైద్యానికి పేడపురుగు దొర్లమ్మ వచ్చింది. దారి దారికీ వేపగింజల రసం పోసుకుంటూ వచ్చింది. తిండి మీద ఎగబడ్డ లేతవన్నీ ఆ చేదు తాగి వరసగా పడిపోయాయి.

ఆ గొడవలోనే నాలుగు లేతచీమలు గడప దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి.

"పెద్దక్కా, బయట ఏదో చేదు పోస్తున్నారు. భయమేస్తోంది."

కాటమ్మ తడిమి చూసింది. అచ్చం ఇంటి వాసనే. "పాపం, మన పిల్లలు," అనుకుని పక్కకి జరిగింది.

వెనకే దొర్లమ్మ వచ్చింది, ఒళ్ళంతా పేడతో.

"ఆగక్కడ! కంపు కొడుతున్నావు."

"కంపు సంగతి తర్వాత చూద్దువుగానీ, ఆ గదిలో కూడా మందు పొయ్యాలి. జరుగు."

"పరాయిది ఈ గడప దాటదు. పసిదానికి పడదు."

"పసిదానికి పడదా, నీ మడికి పడదా?"

కాటమ్మ దవడలు తెరిచింది. దొర్లమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

వారానికి పుట్ట శుభ్రపడింది. మందు ఆపేశారు. అందరూ తేనె నాకి పండగ చేసుకున్నారు. ఇంకో వారానికి గదిలోంచి సన్నటి గొంతు వినిపించింది.

"కాటవ్వా, తల బరువుగా ఉంది. వెలుగు చూడలేకపోతున్నాను."

కాటమ్మ లోపలికి వెళ్ళింది. చిట్టిరాణి తాగిన చుక్క కూడా కక్కేస్తోంది. గోడల వెంబడి ఆమెని సాకే దాదిచీమలు ఎప్పట్లాగే ఆనుకుని నిలబడ్డాయి. కానీ వాళ్ళ పొట్టల కింద ఏదో కదిలింది.

"భయపడకు పెద్దక్కా, మేమే," అంది ఒక లేతచీమ. అది దాదిని గట్టిగా కరుచుకుని ఉంది.

"ఈ గదిలో తిండే ఉండదు కదే! ఏం తిని బతికారు?"

"దాది ఒంటి మీద జిడ్డు చాలు మాకు. తిన్నవాళ్ళంతా చేదు తాగి చచ్చారు. మేం కదల్లేదు, పెరగలేదు, పడుకున్నాం. మందు ఆగాక లేచాం."

"నేను పంపింది నలుగురినే!"

"ఇప్పుడు చూడు."

చుట్టూ గోడంతా మీసాలు లేచాయి.

"వీళ్ళని ఎందుకు మోస్తున్నావే?" అని కాటమ్మ దాదిని అడిగింది.

"చలికి వణుకుతుంటే పట్టుకున్నాను. ఇంటి పిల్లలేగా!"

లేతచీమ నవ్వింది. "వెళ్ళి అరుచుకో, పెద్దక్కా. రానిచ్చింది ఎవరని అడుగుతారు. ఇన్నేళ్ళ పరువు ఏమవుతుందో చూసుకో."

కాటమ్మ గడప దాకా వచ్చి ఆగింది. వెనక చిట్టిరాణి మళ్ళీ కక్కుతున్న చప్పుడు. ఇక ఆగలేదు. పుట్టంతా చూస్తుండగా పేడకుప్ప దాకా పరుగెత్తింది.

"దొర్లమ్మా, నేనే రానిచ్చాను. నిన్ను ఆపిందీ నేనే. పిల్ల పోతోంది."

దొర్లమ్మ దెప్పలేదు. "దారుల్లో పోస్తే మందు ఆ గదికి చేరదు. గది వెనక, కింద నుంచి సన్నటి బొక్క తొలిచి చుక్క చుక్కగా వదలాలి. ఒక్క చుక్క ఎక్కువైతే పిల్లకే ముప్పు. పైగా అవి దాదుల్ని కరుచుకుని ఉన్నంతసేపూ వాటికి చేదు సరిగా అంటదు. విడదీసేదెవరు?"

కాటమ్మ అక్కడే పేడలో పడి పొర్లింది.

ఆ కంపుతో ఆమె గదిలోకి అడుగుపెట్టగానే దాదులు "పరాయిది! పరాయిది!" అని కెవ్వుమని, పొట్టలకి కరుచుకున్నవాటిని విదిలించుకుని పారిపోయారు. లేతచీమలు పట్టు జారి నేలంతా వెల్లకిలా పడ్డాయి. కింద దొర్లమ్మ తొలిచిన బొక్కలోంచి మొదటి చుక్క పైకి ఊరింది.

"పెద్దక్కా! నేను నీ వాసనే!" అంది ఒకటి.

"ఇవాళ నాకే నా వాసన లేదమ్మా," అంది కాటమ్మ.

చిట్టిరాణి మూడోనాటికి తలెత్తింది. ఆ బొక్క మాత్రం పూడ్చలేదు. అవి మళ్ళీ లేవకుండా ఇంకా ఎన్నో వానాకాలాలు చుక్కలు వదలాలంది దొర్లమ్మ. గది నిశ్శబ్దంగా ఉన్నా కాటమ్మ రోజూ లోపలికి వెళ్ళి, దాదుల పొట్టల కింద ఒక్కొక్కటీ తడిమి చూస్తుంది.

మనవాళ్ళ వాసనకి తలుపు తీసి, పేడ వాసనకి తలుపు మూసేవాళ్ళకి లోపలున్న పిల్ల కనపడదు.