పీకల్లోతు నీళ్ళు

అనగనగా వెన్నెలదుర్గాన్ని ఏలే రాజొకడు. రాజన్నాక కొడుకులుండాలిగా, ముగ్గురున్నారు. కడగొట్టువాడు చిత్రకేతుడు ఏ పిట్ట గొంతు విన్నా అచ్చం అలాగే పలికేవాడు. ఇక పొగడ్తలకు కొదవేముంది!

పలికేటప్పుడు ఊపిరి నిలవాలంటే తెల్లవారుజామున ఏటిలో మునిగి లేచి, పీకల్లోతు నీళ్ళలో నిలబడి సాధన చెయ్యమన్నాడు గురువు విశ్వభట్టు. మన రాకుమారుడికి చలి. దోసెడు నీళ్ళతో జుట్టు తడుపుకుని, "సాధన అయింది గురువుగారూ" అనేవాడు. పాపం, ఆయన తన ఉత్తరీయంతో ఆ తల తుడిచేవాడు.

ఇలా ఉండగా కరాళుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి మంజరిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం అక్కడ ఒక చెట్టు చిటారుకొమ్మన ఉన్న చిలుకలో ఉంది. ఆడచిలుక గొంతుతో పిలిస్తే అది దిగివస్తుంది. పిలుపు మధ్యలో తెగిందా, తోడు వచ్చినవాళ్ళలో ఒకరు రాయైపోతారు.

"ఇది మన తమ్ముడు చెయ్యగల పనే" అన్నారు అన్నలు. ఏడు సముద్రాలూ వాళ్ళే తెడ్లు వేశారు. తమ్ముడుంగారు పడవలో నిద్రపోయారు.

చెట్టుకింద చిత్రకేతుడు పిలిచాడు. చిలుక ఒక కొమ్మ దిగింది, రెండు కొమ్మలు దిగింది. ఊపిరి చాల్లేదు, పిలుపు తెగింది. పెద్దన్న రాయైపోయాడు.

"దగ్గొచ్చిందన్నయ్యా, ఈసారి చూడు!"

"నీ మీద నమ్మకముంది, కానివ్వు" అన్నాడు చిన్నన్న.

మళ్ళీ అక్కడే తెగింది. చిన్నన్నా రాయైపోయాడు.

ఆ రాతి చేతుల్లో తెడ్డు వేసి కాచిన కాయలు అలాగే ఉన్నాయి. వాటిని చూసి చిత్రకేతుడు సిగ్గుతో కుంగిపోయాడు. ఒడ్డున కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఎందుకేడుస్తున్నావు బాబూ?" అంది ఒక కొంగ.

"నాకు గొంతుంది కొంగమామా, ఊపిరే లేదు. సాధన చేశానని అబద్ధమాడాను."

"నీళ్ళు ఇవిగో. నేను రోజంతా నిలబడేది వీటిలోనేగా, రా!"

దిగి పిలుపు సాధన మొదలెట్టాడు. అలలు మూతి మీద కొట్టాయి, ఉప్పు గొంతు మండించింది. కరాళుడు కోట మీద నుంచి, "చేపలకు పాఠాలా?" అని నవ్వేవాడు. వానలు పోయాయి, చలి పోయింది. చిత్రకేతుడు మాత్రం ఏ ఉదయమూ మానలేదు.

ఒకనాడు మళ్ళీ పిలిచాడు. చిలుక ఒక కొమ్మ దిగింది, రెండు కొమ్మలు దిగింది, మూడో కొమ్మా దాటి చేతిలో వాలింది. మెడ నులిమాడు. కరాళుడు కూలాడు. మంజరి చెర వీడింది, అన్నలు కళ్ళు తెరిచారు.

"పుట్టుకతో వచ్చిన విద్యంటే ఇదీ!" అని మురిసిపోయారు వాళ్ళు. చిత్రకేతుడు తలెత్తలేకపోయాడు. తెడ్లు లాక్కుని ఏడు సముద్రాలూ తనే వేశాడు.

మంజరితో పెళ్ళినాడు మంగళస్నానం కాగానే తల తుడవడానికి గురువుగారు ఉత్తరీయంతో వచ్చారు. చిత్రకేతుడు ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"చిన్నప్పుడు మిమ్మల్ని మోసం చేశాను."

"తెలుసు నాయనా. జుట్టు తడిసి ఉండేది, మెడ పొడిగా ఉండేది. తుడిచిన చేతికి తెలియదూ?"

"మరి అడగలేదేం?"

"రేపైనా దిగుతావేమోనని, రోజూ ఉత్తరీయం తెచ్చుకునేవాణ్ణి."

మంజరి తండ్రి ఇచ్చిన రాజ్యాన్ని వాళ్ళిద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు. ముసలివాడయ్యాక కూడా చిత్రకేతుడు తెల్లవారకముందే ఏట్లో దిగేవాడు. తల మాత్రం తనే తుడుచుకునేవాడు. ఇంకెవరైనా తువ్వాలు పట్టుకుని దగ్గరికొస్తే, అంతటి మహారాజుకూ సిగ్గు ముంచుకొచ్చేది.