గుమాస్తా పాస్‌వర్డ్

కర్నూలులో వేదాద్రి అనే పాలిటెక్నిక్ లెక్చరర్ ఉండేవాడు. ఇచ్చేశానని పదిమందికీ చెప్పి, ఇచ్చినదాని మీద చెయ్యి తియ్యకపోవడం ఆయనకున్న జబ్బు.

ఆయన చూపులేనివాళ్ళ కోసం 'వినువాణి' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. ఫోన్లో ఏ తెలుగు మెసేజి వచ్చినా అది పైకి చదివి వినిపించేది. దాని కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచాడు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా మెరుగుపరచవచ్చు. మంచి పనే, కాదనను. కానీ ఎవరు ఏ మార్పు పంపినా, దాన్ని అసలు కోడ్‌లో చేర్చే హక్కు మాత్రం పదకొండేళ్ళపాటు ఆయన ఒక్కడిదే. సాయం చేసేవాళ్ళు నలభైమంది అయ్యారు. వాళ్ళు పంపిన మార్పులు ఆయన తీరిక కోసం నెలల తరబడి పడి ఉండేవి.

చివరకు అందరూ కలిసి, "సార్, ఒక సంఘం పెట్టుకుందాం" అన్నారు. వేదాద్రి ఒప్పుకున్నాడు. "ఈ రోజు నుంచి ఇది నాది కాదు, మనది" అని ఉపన్యాసం కూడా ఇచ్చాడు. వేదాద్రితో కలిపి ఐదుగురితో సంఘం ఏర్పడింది. అధికారం చేతులు మారడానికి మూడు నెలల గడువు పెట్టారు. ఆ మూడు నెలలూ ఒకటే నియమం: ఇంకొకరు పరీక్షించి సరే అనకుండా ఎవరూ, ఆఖరికి వేదాద్రి కూడా, ఏ మార్పూ చేర్చకూడదు. చేర్చడానికి 'గుమాస్తా' అనే ఒకే ఒక ఖాతా ఉండేది. దాని పాస్‌వర్డ్‌ను సంఘంలో ఒకరైన నంద్యాల హసీనాకు అప్పగించారు.

"పాస్‌వర్డ్ మార్చేయనా సార్?" అని అడిగింది హసీనా.

"వద్దమ్మా, మారిస్తే పని ఆగిపోతుంది. మూడు నెలలూ అదే ఉండనీ" అన్నాడు వేదాద్రి.

ఆగిపోదని ఆయనకు తెలుసు. అవసరానికి ఉంటుందిలే అని తన దగ్గరా దాన్ని రాసిపెట్టుకున్నాడు. ఏం అవసరమో ఆ మహానుభావుడికే తెలియాలి!

రెండు వారాలు గడిచాయి. అంకెలను త్వరగా చదివేలా వేదాద్రి ఒక మార్పు చేసి పంపాడు. "చాలా బాగుంది సార్. చుక్క ఉన్న అంకెలతో ఇంకా పరీక్షించలేదు. సోమవారం దాకా ఆగుదాం" అని హసీనా జవాబు రాసింది.

వేదాద్రికి ఒళ్ళు మండింది. "నేను పుట్టించినదానికి నాకే పరీక్షా! నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నన్ను ఆగమంటుందా?" అనుకున్నాడు. గుమాస్తా ఖాతాలోకి వెళ్ళి, తన మార్పును తానే చేర్చేశాడు.

మూడో రోజు ఆదోని నుంచి తిమ్మక్క అనే చూపులేని తల్లి సంఘానికి ఫోన్ చేసింది. "డాక్టరు సారు బిడ్డకు మందు 2.5 మిల్లీ పోయమని మెసేజి పెడితే, మీది ఇరవై ఐదు అని చదివింది. పక్కింటామె చూసింది కాబట్టి సరిపాయె. లేకుంటే నా బిడ్డ గతి ఏం గావాల?" అని ఏడ్చింది.

హసీనా ఆ క్షణమే ఆ మార్పును తీసేసింది. సాయంత్రం సంఘం ఫోన్లోనే సమావేశమైంది. మార్పు చేర్చింది గుమాస్తా. గుమాస్తా పాస్‌వర్డ్ ఉన్నది హసీనా దగ్గర. దాన్ని మార్చలేదని మిగతావాళ్ళకు తెలియదు. ఇంకేముంది, వేళ్ళన్నీ ఆమెవైపే తిరిగాయి.

"సార్ చేతిలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటిది జరిగిందా?" అన్నారొకరు.

ఆ మాట వేదాద్రికి ఒక్క క్షణం తియ్యగా వినిపించింది. మరుక్షణమే తన మీద తనకు అసహ్యం వేసింది. అయినా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. హసీనాను తప్పించాలా వద్దా అన్నది రేపు తేల్చుకుందామని అందరూ ఫోన్లు పెట్టేశారు.

 మర్నాడు క్లాసులో బోర్డు మీద అంకె రాసి, వేదాద్రి అందులోని చుక్కను రెండుసార్లు దిద్దాడు. ఒక్క మాట చెబితే ఆ పిల్ల నిలబడుతుంది. చెబితే తన పరువు పోతుంది. ఈ రెంటినీ తూకం వేస్తున్నందుకే ఆయనకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం సమావేశం మొదలవగానే, "ఆగండి. చేర్చింది నేను. పాస్‌వర్డ్ నా దగ్గరా దాచుకున్నాను. నిన్న తెలిసీ నోరు మూసుకున్నాను. క్షమించమ్మా హసీనా" అన్నాడు.

 ఫోన్లో హసీనా గొంతు వినిపించింది. "నిన్న మా అబ్బాతో, నేనే ఏదో పొరపాటు చేసుంటానని చెప్పాను సార్. మీరు చేసుంటారని నాకు తట్టనే లేదు. నా మీదే నాకు అనుమానం వచ్చింది."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వేదాద్రికి. పాస్‌వర్డ్ ఆ పూటే మార్చారు. ఆయన్ని సంఘం నుంచి తప్పించారు. 

ఆ తరువాత తిమ్మక్కకు తానే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"బిడ్డ బాగుండాడు సార్" అంది తిమ్మక్క. "కానీ ఒక మాట చెప్పండి. ఇకమీద అది చదివింది నేను నమ్మాల్నా, వద్దా?"



నీతి: ఇచ్చేశానని చెప్పిన అధికారాన్ని చాటుగా దాచుకోవడం దొంగతనమే, ఆ నింద ఇంకొకరి మీద పడుతుంటే చూస్తూ ఊరుకోవడం అంతకన్నా పెద్ద దొంగతనం.