పైడినాయుడి కుర్చీ, యాప్ పుస్తకం

పైడినాయుడికి ఒక మంచి గుణం ఉంది. తాను తెలివైనవాడినన్న సంగతి ఎవరి దగ్గరా దాచడు. ఉన్నది దాస్తే అబద్ధమాడినట్టే కదా అని అతని భయం. అందుకని పొద్దున్నే పిండిమర తలుపు తీస్తూనే, మొదట వచ్చిన మనిషికి ఆ సంగతి చెప్పేసి, మనసు తేలిక చేసుకుని, ఆ తర్వాతే మర స్విచ్చి వేసేవాడు.

అతనొక్కడే కాదు, ఆ ఇంట్లో అందరూ అంతే. పైడినాయుడు, అతని భార్య ఎర్నమ్మ, తమ్ముడు గౌరునాయుడు, ముగ్గురూ ముగ్గురే. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడం ఆ ఇంటి పద్ధతి. ఓసారి సూరమ్మ అనే ఆవిడ బియ్యం డబ్బా పెట్టి, "నేనొచ్చేదాకా ఇక్కడే ఉండు గౌరయ్యా" అని చెప్పి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే కూతురికి పురుడని కబురొస్తే శ్రీకాకుళం బస్సెక్కేసింది. ఇంకేముంది, గౌరునాయుడు ఐదు రోజులు ఆ డబ్బా పక్కనే నిలబడ్డాడు. ఎర్నమ్మ అన్నం అక్కడికే పట్టుకెళ్ళింది. ఐదోరోజు సూరమ్మ వచ్చి నోరు తెరిచేలోపే, "మనవడా, మనవరాలా?" అని అడిగి ఇంటికెళ్ళి పడుకున్నాడు. అంత నమ్మకమైన మనుషులు.

మరకి మటుకు ఒకటే రూలు. వాళ్ళ నాన్న పోయేముందు పెట్టింది. వాళ్ళ ఊరు చింతలపేటలో ఆడవాళ్ళు డబ్బాలు వరసగా పెట్టేసి ఇంటికి పోయి పనులు చూసుకుంటారు. "లైన్లో ఏది ముందుంటే అది మరలో పొయ్యండి. ఎవరిదని అడక్కండి, ఏటని అడక్కండి. అడిగితే తగువులు," అన్నాడాయన. ఆయన కూర్చున్న నైలాను వైరు కుర్చీ ఇంకా మర గుమ్మంలోనే ఉంది. అందులో ఎవరు కూర్చుంటే వాళ్ళే మర యజమాని అని ఊరు ఒప్పుకుంది.

సరిగ్గా ఆ కుర్చీ మీదికే వచ్చింది గొడవ. ఎర్నమ్మ తమ్ముడు తిరుపతిరావు ఓ రోజు కొత్త ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"బావా, పక్కూరి మరవాళ్ళు యాప్ పెట్టారు. పిండి అయిపోగానే ఆడవాళ్ళ ఫోన్లు టింగుమంటున్నాయి. ఇక్కడేమో పిండి అయిందో లేదో చూసుకోడానికి పాపం నాలుగుసార్లు తిరుగుతున్నారు. ఇది నీ వల్ల కాదు గానీ, లే, ఆ కుర్చీ ఇలా ఇయ్యి."

ఎనిమిది మంది ఆడవాళ్ళు వింటున్నారు. పైడినాయుడికి తెలివి పొంగుకొచ్చింది.

"ఒకడి చేత పెట్టించుకోడమేటి? నేనే నేర్చుకుంటాను, నేనే తయారుచేస్తాను. వచ్చే అమావాస్య సాయంత్రానికి యాప్ లేకపోతే కుర్చీ నీదే."

"ఎనిమిది మంది సాక్ష్యం బావా."

"తొమ్మిది. నేను కూడా విన్నాను," అంది ఎర్నమ్మ. లెక్క తప్పితే ఆవిడ ఊరుకోదు.

అంతే. ముగ్గురూ తలుపేసుకుని ఫోన్లో ఓ వీడియో పెట్టారు. అందులో కళ్ళద్దాలాయన చెబుతున్నాడు. యాప్‌లు చెయ్యడం నేర్చుకోవాలంటే ముందు మంచి పుస్తకం ఎంచుకోవాలి. మొదట్లోనే మరీ బరువైన పుస్తకం వద్దు. పాతది అసలే వద్దు, వీలైనంత కొత్తది కొనాలి. కొనేముందు మధ్యలో ఓ పేజీ తెరిచి చదివి, అర్థమైతేనే తీసుకోవాలి. కొన్నాక ఊరికే కూర్చుని చదివితే రాదు. యాప్ తయారయ్యాక ముందు ఒక ఫోన్లో వేసి చూడాలి.

ఎర్నమ్మ ఈ ఐదు మాటలూ సుద్దముక్కతో కారం డబ్బా మూత మీద రాసి పెట్టింది.

మర్నాడు ముగ్గురూ విజయనగరం బస్సెక్కారు. కూడా కాటా తీసుకెళ్ళారు. కండక్టరు, "ఏం తూచడానికమ్మా?" అంటే, "చదువు," అంది ఎర్నమ్మ.

పుస్తకాల షాపాయన పెద్దమనిషి. యాప్ పుస్తకాలు ఓ పది తీసి బల్ల మీద పెట్టాడు. గౌరునాయుడు కాటా పెట్టి ఒక్కొక్కటే తూచడం మొదలుపెట్టాడు.

"ఇది కిలో పావు అన్నయ్యా. మనవల్ల కాదు."

"పక్కది?"

"ముప్పావు. కొంచెం తక్కువుంటే బాగుణ్ణు. వెనకాల ఓ నాలుగు పేజీలు తీసేసి ఇస్తారా బాబూ?"

షాపాయన నుదురు రుద్దుకున్నాడు. "అలా కుదరదు నాయనా. ఇదిగో, ఇది చూడండి, సన్నటిది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం రాసింది."

పైడినాయుడు నవ్వాడు. ఎదుటివాడి అమాయకత్వానికి జాలిపడి నవ్విన నవ్వది.

"మేం ఇవాళ సాయంత్రమే మొదలుపెడతాం. రేప్పొద్దున్నకి మొదలుపెట్టేసినవాళ్ళం అయిపోతాం. అప్పుడీ పుస్తకం ఎవరికి పనికొస్తుంది చెప్పండి?"

షాపాయన ఆ సన్నటి పుస్తకం తీసి పక్కన పెట్టేశాడు. ఎర్నమ్మ మరిదిని మోచేత్తో పొడిచింది. "చూశావా, మీ అన్నయ్య లేకపోతే మోసపోయేవాళ్ళం." ఆ తర్వాత ఒక్కో పుస్తకం తీసి వాసన చూసింది. "ఇవన్నీ ఎప్పటివి బాబూ?"

"ఈ సంవత్సరానివేనమ్మా. ఇది పోయిన నెలది."

"పోయిన నెలదా! వీలైనంత కొత్తది కావాలి. ఇవాళ్టిది లేదా?"

"ఇవాళ్టిదే కావాలంటే పేపరు కొనుక్కోవాలమ్మా!" అన్నాడాయన విసిగిపోయి.

ఇంకేముంది, దండం పెట్టి బయటికొచ్చి, బస్టాండులో ఆ రోజు పేపరు కొన్నారు. పట్టుకుంటే బరువే లేదు. మధ్య పేజీ తెరిచి పైడినాయుడు చదివాడు. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మరు కాలింది, ఎవరిదో గేదె తప్పిపోయి దొరికింది.

"అర్థమైందే! ఒక్క ముక్క మిగలకుండా అర్థమైంది!" అన్నాడు. బస్సులో కళ్ళు చెమర్చాయి కూడా. యాప్‌లు ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చేసేవాడు.

ఆ పేపరుని ముగ్గురూ వారం రోజులు నేర్చుకున్నారు. ఊరికే కూర్చుని చదివితే రాదన్నారు కాబట్టి నిలబడి నేర్చుకున్నారు. పైడినాయుడు కుర్చీలో కూర్చోడమే మానేశాడు. ఎనిమిదో రోజు తిరుపతిరావు తొంగిచూసి, "బావా, గేదె దొరికిందా?" అని పడీపడీ నవ్వాడు. పైడినాయుడు పేపరు దించాడు. కుర్చీ వంక చూశాడు. నాన్న చేతులాన్చి ఆన్చి అరగదీసిన కుర్చీ. అందులో తిరుపతిరావు కాలు మీద కాలేసుకుని ఉన్నట్టు కనిపించింది.

పరుగున మళ్ళీ విజయనగరం. ఈసారి షాపాయన వాళ్ళని దేన్నీ ముట్టుకోనివ్వలేదు. తనే ఓ పుస్తకం ఏరి చేతిలో పెట్టాడు. "ఇదే మీ పుస్తకం. మొదటి పేజీ నించి మొదలుపెట్టండి. ఏం రాసి ఉంటే అది చెయ్యండి. ఓ పేజీ సంగతి తేలకుండా రెండో పేజీకి వెళ్ళకండి. వెళ్ళిరండి, దణ్ణం."

ఇంటికొచ్చి మొదటి పేజీ తెరిచారు. "ప్రచురణకర్తల అనుమతి లేకుండా ఈ పుస్తకంలోని ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ వాడుకోరాదు," అని ఉంది.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పైడినాయుడు పుస్తకం టపీమని మూసేశాడు.

"మంచివేళ చూశాం. లేకపోతే దొంగలమయ్యేవాళ్ళం," అన్నాడు గౌరునాయుడు.

అంతే, అదే పేజీలో ఉన్న అడ్రసుకి ఉత్తరం రాశారు. "అయ్యా, మేం మొదటి పేజీలో ఉన్నాం. రెండో పేజీకి వెళ్ళమంటారా?" అమావాస్యకి పద్నాలుగు రోజులుంది. పుస్తకానికి పసుపుగుడ్డ చుట్టి అటక మీద పెట్టారు. పైడినాయుడు రోజూ పోస్టాఫీసుకి పోయేవాడు. తిరుపతిరావు రోజూ వచ్చి కుర్చీ వైర్లు లాగి చూసుకునేవాడు. "ఇక్కడ కాస్త వదులైంది బావా, నేనొచ్చాక మళ్ళీ అల్లించుకుంటాలే."

సరిగ్గా అమావాస్య పొద్దున జవాబు వచ్చింది. "అయ్యా, కొన్నాక పుస్తకం మీదే. మీ ఇష్టమొచ్చిన రూపంలో, మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోండి. దయచేసి మళ్ళీ ఉత్తరం రాయకండి."

పైడినాయుడు ఆ ఉత్తరాన్ని కళ్ళకద్దుకుని, మరలో నిలబడి రెండో పేజీ తిప్పాడు. "ముందుగా మీ ఫోన్ పూర్తిగా చార్జింగ్ పెట్టుకోండి," అని ఉంది. ఫోన్ తీసుకుని ఇంటికి పరుగెత్తబోయాడు. పండగ ముందు రోజుల్లాగా జనం కిటకిటలాడుతున్నారు. పుస్తకం కింద పెడితే తొక్కేస్తారు. అందుకని లైన్లో సూరమ్మ చోళ్ళు, అదే రాగులు, ఉన్న డబ్బాకీ ఇంకొకావిడ శనగపప్పు డబ్బాకీ మధ్యన జాగ్రత్తగా పెట్టి వెళ్ళాడు.

సూరమ్మ చోళ్ళు అయిపోయాయి. గౌరునాయుడు చెయ్యి చాచాడు. ముందు పుస్తకం ఉంది. ఎవరిదని అడగలేదు. ఏటని అడగలేదు.

పైడినాయుడు తిరిగొచ్చేసరికి పుస్తకం లేదు.

"పుస్తకం ఏదిరా?"

"నీ వంతు వచ్చింది అన్నయ్యా. ఆడించేశాను. అట్ట కొంచెం మొరాయించింది గానీ, రెండోసారి పోస్తే మెత్తగా వచ్చింది." ఓ గిన్నె చేతికిచ్చాడు. బూడిదరంగు పిండి.

పైడినాయుడు పిండిలో వేళ్ళు పెట్టి రెండో పేజీ కోసం వెతికాడు. ఎర్నమ్మే ధైర్యం చెప్పింది. "ఎందుకలా అయిపోతావు? ఇష్టమొచ్చిన రూపంలో వాడుకోమని వాళ్ళే రాశారు కదా. పేజీలన్నీ ఇందులోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. జల్లించాను కూడా, నలకన్నది లేదు."

నిజమే కదా అనిపించింది అతనికి.

సాయంత్రం తిరుపతిరావు తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. వెనకాల ఆ ఎనిమిది మంది ఆడవాళ్ళూ డబ్బాలు పెట్టుకుని నిలబడ్డారు.

"ఏదీ బావా యాప్?"

"ఇదిగో," అని గిన్నె చూపించాడు పైడినాయుడు. "ముందు ఒక ఫోన్లో వేసి చూడాలి. నాది చార్జింగ్‌లో ఉంది. నీదిలా ఇయ్యి."

తిరుపతిరావు ఎగతాళిగా నవ్వుతూ ఇచ్చాడు. ఎర్నమ్మ చిన్న చెంచాతో, చార్జింగ్ పెట్టే బెజ్జంలో పిండి కూరడం మొదలుపెట్టింది. మూడో చెంచాకి గానీ అతని నవ్వు ఆగలేదు.

"అక్కా! నా కొత్త ఫోనే!"

"ఆగరా, ఇంకా పావువంతు కూడా పట్టలేదు."

ఫోన్ లాక్కుని ఉఫ్‌ఉఫ్‌మని ఊదాడు. దులిపాడు. ఉలుకూ పలుకూ లేదు. కోపం పట్టలేక, లుంగీ ఎగ్గట్టుకుని బావ మీదికి వెళ్దామని, ఫోన్‌ని ముందున్న డబ్బా మూత మీద పెట్టాడు. లైన్లో మొదటి డబ్బా అది.

ఇంకేముంది.

ఢమాల్‌మని మర ఓ గెంతు గెంతి ఆగిపోయింది. పొగ వచ్చింది. గౌరునాయుడు మొహం తుడుచుకుని, "ఇది చోళ్ళకన్నా గట్టిది," అన్నాడు.

తిరుపతిరావు కళ్ళు తిరిగి, దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళే కదా యజమాని! ఎనిమిది మందీ చుట్టుముట్టారు. "మర ఎప్పుడు బాగుచేయిస్తావు?" "నా పప్పు సగం లోపలుంది, తీసియ్యి!" "ఇంటికి చుట్టాలొస్తున్నారు, ఇప్పుడెలాగ?" అతను ఊపిరందక లేచి, "నాకొద్దు బావా! ఈ కుర్చీ నువ్వే ఉంచుకో!" అని అరుచుకుంటూ బస్సు కోసం కూడా ఆగకుండా వాళ్ళూరికి నడిచిపోయాడు.

వారానికి మర బాగుపడింది. కుర్చీ పైడినాయుడిదే. కానీ నేర్చుకోవడం పూర్తికాలేదు కాబట్టి, ఇప్పటికీ దాని పక్కన నిలబడే ఉంటాడు.

పిండి అయిందన్న కబురు మటుకు ఇప్పుడు ఇంటికే వెళుతోంది. ఆ పని గౌరునాయుడిది. పిండి అవగానే ఆ ఇంటికి పరుగెత్తి, మనిషి ఎదురుగానే ఉన్నా పలకరించకుండా, ఫోన్ ఎక్కడుందో గూళ్ళూ దిండ్లకిందా వెతికి, నోరు దగ్గరపెట్టి, "టింగ్!" అని చెప్పి వచ్చేస్తాడు.

ఎవరైనా అడిగితే పైడినాయుడు ఇదీ దాచడు. "పుస్తకం మొత్తం అయిపోయిందండీ," అంటాడు. "యాప్ చెయ్యడం మటుకు ఇంకా రాలేదు."