గవరయ్య ఏ తాబేలు?

నల్లగుట్ట అడవిలో టేకు చెట్లు, వెదురు పొదలు దట్టంగా ఉండేవి. అక్కడ జింకలు, కుందేళ్లు, నెమళ్లు, అడవి పందులతో పాటు నేల తాబేళ్లు కూడా ఉండేవి. వాటి నల్లని డిప్పల మీద పసుపు గీతలు నక్షత్రాల్లా మెరిసేవి.

చుక్కమ్మ అనే కుందేలుకు ఆ తాబేళ్లను చూడటమంటే మహా సరదా. పొద చాటున కదలకుండా కూర్చుని, ఏది ఏ ఆకు తింటుందో, ఏ డిప్ప మీద గీతలు ఎలా ఉన్నాయో గమనించేది. నీలకంఠం అనే నెమలి దాన్ని వెక్కిరించేది. తాబేళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయనీ, ఒకదాన్ని చూస్తే అన్నిటినీ చూసినట్టేననీ అందరితో చెప్పేది.

ఆ వేసవిలో వాగు ఎండిపోయింది. దాహంతో జింక పిల్లలు నీరసించి తూలిపోసాగాయి. రాళ్ల సందులో దాగిన ఊట చోటు గవరయ్య అనే ముసలి తాబేలుకే తెలుసు. కానీ అలికిడైతే చాలు, తాబేళ్లన్నీ డిప్పల్లోకి ముడుచుకుపోతాయి. పిలిచినా పలకవు. చప్పుడు చేయకుండా గవరయ్య వెనకాలే వెళ్లాలి.

తెల్లవారుతుండగా తాబేళ్లు పొదల్లోంచి బయటికొచ్చాయి. చుక్కమ్మ, నెమలి, జింకలు, అడవి పందులు చాటు నుంచి చూస్తున్నాయి.

"అదిగో, అన్నిటికన్నా పెద్దది. అదే గవరయ్య" అంది నెమలి.

"కాదు మామా" అంది చుక్కమ్మ. "వీటిలో ఆడవే పెద్దగా పెరుగుతాయి. గవరయ్య తాత చిన్నగా ఉంటాడు. తోక పొడుగు. డిప్ప అరిగి గీతలు మాసిపోయాయి. ఆ రాయి పక్కన పోతున్నాడే, అతనే."

నెమలి వినలేదు. అడవి పందులను వెంటబెట్టుకుని పెద్ద తాబేలు వెనక వెళ్లింది. తల్లి జింక మాత్రం పిల్లలతో సహా చుక్కమ్మ వైపు నిలబడింది.

ముసలి తాబేలు గుట్ట ఎక్కింది, దిగింది, మధ్యలో ఆగింది. చుక్కమ్మ కూడా ఆగింది. చివరికి తాబేలు ఒక బండ కిందికి దూరింది. చుక్కమ్మ పరుగెత్తి వెళ్లి మట్టి మీద ముక్కు ఆనించింది. తడి! జింక గిట్టలతో తవ్వింది. నీళ్లు గలగలా పైకి ఉబికాయి. జింక పిల్లలు తడబడుతూ వచ్చి కడుపునిండా తాగాయి.

పెద్ద తాబేలు మేతకోసం నాగజెముడు డొంకలోకి వెళ్లింది. దాని వెనకే దూరిన నెమలి తోక ఈకలు ముళ్లకు చిక్కి ఊడిపోయాయి. పందులు విసుక్కుని వెనక్కి తిరిగాయి. సాయంత్రానికి నెమలి కాళ్లీడ్చుకుంటూ ఊట దగ్గరికొచ్చింది. చుక్కమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

నీళ్లు తాగాక నెమలి మెల్లగా అడిగింది: "వీటిలో గవరయ్య ఎవరు?"

చుక్కమ్మ బురదలో పడుకున్న తాబేలును చూపించింది. నెమలి మెడ వంచి, దాన్ని చాలాసేపు చూసింది.

నీతి: పైపైన చూసి తెలుసనుకునేవాడు దారి తప్పుతాడు, ఓపికగా గమనించేవాడు తానూ బతుకుతాడు, పదిమందినీ బతికిస్తాడు.