ఇరుసు తీసిన రథం

భూమండలాన్నంతా ఎత్తి తూచగల తక్కెడ ఒకటి ఒకానొక రాజ్యంలో ఉండేది. సరే, భూమండలమంటే మరీ ఎక్కువైంది. రాజుగారిని తూచేది. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు మాత్రం రెంటికీ పెద్ద తేడా లేదనేవాళ్లు.

రాజ్యం పేరు గజగిరి. రాజు ఉద్దండదేవుడు. తక్కెడ పట్టేవాడు ఓబన్న. తాలింఖానాలో, అంటే కసరత్తుశాలలో, కుస్తీవీరుల బరువు, వాళ్ల తిండి, రాజుగారి తులాభారం, అన్నీ అతని చేతిమీదుగానే తూగేవి.

గజగిరిలో ఒక ఆచారం ఉంది. ఏటా పట్టాభిషేకం జరిగిన రోజున రాజు తక్కెడలో కూర్చుని నిలువెత్తు బెల్లం ఊరికి పంచాలి. కూర్చునే ముందు వంశఖడ్గాన్ని తలపైకెత్తి, శంఖం ఊదినంతసేపూ అలాగే పట్టుకోవాలి. ఈలోపు కత్తి దిగిందా, ఆ రోజే కిరీటమూ దిగుతుంది.

ఆ ఏడు రాజుగారు కత్తిని అవలీలగా ఎత్తారు. చిక్కంతా బెల్లం దగ్గరే వచ్చింది. పది మణుగులు, అంటే మన లెక్కలో నూటపది కిలోల పైమాటే, పోశారు. పన్నెండు పోశారు. పళ్లెం కదల్లేదు. పొరుగు రాజు పంపిన రాయబారి మెడ సాచి చూసి, "ఇంకా ఉందా?" అని చాలా అమాయకంగా అడిగాడు. పద్నాలుగో మణుగుకు గానీ ముల్లు మధ్యకు రాలేదు. ఊరి పిల్లలకు ఆ ఏడు బెల్లం పండగ. రాజుగారికి మాత్రం నిద్ర కరువైంది.

ఆస్థాన వైద్యుడు సర్వౌషధాచార్యులు ముందుకొచ్చాడు. పొద్దున సొరకాయ రసం, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, సాయంత్రం మళ్లీ సొరకాయ రసం అన్నాడు. పప్పు ఒళ్లు పెంచుతుంది, గుడ్డు మదం పెంచుతుంది, పెరుగు రెండూ పెంచుతుంది కాబట్టి ఈ మూడూ కోటగుమ్మం దాటి లోపలికి రాకూడదన్నాడు. వంటశాల పెద్ద అచ్చమ్మ పప్పు గుత్తిని కొంగులో చుట్టి దాచుకుంది.

అయితే బరువు నిజంగానే తగ్గింది. ప్రతి సోమవారం రాజుగారు తక్కెడ ఎక్కడం, ఓబన్న అంకె చెప్పడం, సభ చప్పట్లు కొట్టడం. మూడు నెలల్లో మణుగున్నర దిగింది. రాజుగారు తనకు తానే 'కృశాంగ కేసరి' అని బిరుదిచ్చుకుని, వందిమాగధుల చేత రోజుకు రెండు పూటలా చదివించుకున్నారు. సొరకాయ రసం తాగినప్పుడల్లా ఒకసారి అన్నమాట.

ఓబన్న చప్పట్లు కొట్టలేదు. అతను చూసేది ముల్లునే కాదు. మొదట్లో రాజుగారు తక్కెడ మెట్లు మూడూ తనంత తానే ఎక్కేవారు. ఇప్పుడు ఓబన్న భుజం పట్టుకుని ఎక్కుతున్నారు. గొలుసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. పట్టాభిషేకం రోజుకు ఇంకా తొమ్మిది నెలలే ఉన్నాయి. ఆ కత్తి బరువెంతో ఓబన్నకు తెలుసు. అదీ అతనే తూచాడు మరి.

"ప్రభూ, పప్పూ గుడ్డూ మానేస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. మన కుస్తీవాళ్లలో ఎన్నోసార్లు చూశాను," అన్నాడు ఒక సోమవారం.

ఆచార్యులు పకపకా నవ్వాడు. తూకం రాళ్లు మోసేవాడు కూడా వైద్యం చెబుతున్నాడన్నాడు. రాజుగారు కళ్లెర్రజేశారు.

"ఏమయ్యా ఓబన్నా, నీ తక్కెడ అబద్ధమాడుతోందా?"

"ఆడదు ప్రభూ. కానీ ఎంత పోయిందో చెబుతుందే గానీ, ఏది పోయిందో చెప్పదు."

ఇంకొక్కసారి పప్పు మాటెత్తితే జీవితాంతం సొరకాయ రసమే నీకూ గతి అని రాజుగారు తేల్చేశారు. ఓబన్న నోరు మూసుకున్నాడు. సొరకాయంటే అతనికి చిన్నప్పటి నుంచీ పడదు.

ఇంతలో రాజుగారికి కొత్త సరదా పుట్టింది. తాను తగ్గాక చుట్టూ ఉన్నవన్నీ తగ్గాలనిపించింది. సింహాసనం బరువెక్కువ. గొడుగు బరువెక్కువ. అన్నిటికన్నా రథం బరువెక్కువ, గుర్రాలు రొప్పుతున్నాయి. వారం రోజుల్లో రథాన్ని సరిగ్గా మూడు మణుగులు తగ్గించాలని ఓబన్నకే ఆజ్ఞ అయింది.

ఓబన్న అంత హుషారుగా ఏ పనీ చేసి ఉండడు. వారమంతా రథశాల తలుపులు బిగించి లోపలే ఉన్నాడు. లోపల్నుంచి రంపం చప్పుడు, మధ్యమధ్య ఏదో విరిగిన చప్పుడు, ఆ వెంటనే ఓబన్న మూలుగు వినిపించేవట.

చెప్పిన రోజుకు రథం తక్కెడకెక్కింది. సరిగ్గా మూడు మణుగులు తక్కువ. ఎక్కడా ఏమీ తీసినట్టు లేదు. నాలుగు మూలలా నాలుగు ఇత్తడి సింహాలు, చుట్టూ గంటలు, పైన వెండి కలశం, అన్నీ ఉన్నచోటే ధగధగలాడుతున్నాయి. చూశారా, నగ ఒక్కటీ పోకుండా బరువు తగ్గించాడని రాజుగారు మురిసిపోయి, తక్కెడ దించగానే, గుర్రాలు కట్టకముందే వెళ్లి రథమెక్కి కూర్చున్నారు.

ఫెళ్లుమంది.

చక్రాలు చెరో పక్కకు ఒరిగాయి. రథం మెల్లగా, మర్యాదగా నేలమీద చతికిలబడింది. రాజుగారు కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారు. గంటలు మాత్రం చాలాసేపు మోగాయి.

"ఏం తీశావురా ఇందులోంచి?"

"ఇరుసు తీశాను ప్రభూ. దాని బదులు వెదురుబొంగు పెట్టాను. అడుగు దూలాల్లో సగం తీశాను. లెక్క సరిపోయింది."

రాజుగారు మండిపడ్డారు. "బుద్ధుందా నీకు? తీస్తే ఇత్తడి సింహాలు తియ్యాలి, గంటలు తియ్యాలి. ఇరుసు తీసేస్తే ఇక అది రథమెలా అవుతుంది?"

ఓబన్న చేతులు కట్టుకుని, "ఆ మాటేదో ఆచార్యులవారితో చెప్పండి ప్రభూ. నేను అంటే సొరకాయ తాగిస్తారు," అన్నాడు.

రాజుగారు నేలమీది రథంలోంచే తన చేతులవంక చూసుకున్నారు. కాసేపటికి వంశఖడ్గం తెమ్మన్నారు. లేచి నిలబడి రెండు చేతులా పట్టి ఎత్తారు. కత్తి గుండెదాకా వచ్చింది. అక్కడ వణికి ఆగిపోయింది. ఎవరూ చూడకముందే దించేద్దామనుకున్నారు గానీ, సభంతా చూస్తూనే ఉంది.

"ఓబన్నా," అన్నారు రాజుగారు. ఆ గొంతులో కృశాంగ కేసరి లేడు. "రోజుకు ఎంత తినాలి?"

ఇప్పుడు మనం ప్రోటీన్ అంటామే, దాన్ని తాలింఖానా వాళ్లు కండసరుకు అనేవాళ్లు. బరువు దిగాలనుకునే కుస్తీవాడికి ఒంటి బరువు మణుగుకు తులమున్నర చొప్పున రోజూ కండసరుకు పడాలని వాళ్ల లెక్క. రాజుగారు వేళ్లు మడిచి, పన్నెండున్నర మణుగులకు పద్దెనిమిది తులాల పైమాటే అని అప్పుడే నోరూరించుకున్నారు.

"ఉన్న బరువుకు కాదు ప్రభూ, చేరాల్సిన బరువుకు. ఎనిమిది మణుగులకు పన్నెండు తులాలు. కొవ్వుక్కూడా విస్తరి వేస్తామా?"

పన్నెండు తులాల పప్పేగా, ఒక్క పూటలో లాగించేస్తానన్నారు రాజుగారు. అదీ కుదరదన్నాడు ఓబన్న. పప్పు నాలుగు తులాలు తూస్తే అందులో కండసరుకు ఒక్క తులమే. కోడిగుడ్డుకు అర తులం. అందుకని పప్పూ, గుడ్లూ, చేపా, పెరుగూ కలిపి, పూటకింత చొప్పున మూడు పూటలకు పంచుకోవాలి. అన్నం, నెయ్యి, మిఠాయిల దగ్గర చెయ్యి బిగించాలి. రోజూ తాలింఖానాకు వచ్చి బరువులెత్తాలి, ఎత్తకపోతే సరుకు కండలోకి పోదు. అంతా చెప్పి ఆచార్యులవైపు తిరిగి, ఎవరి ఒంటికి ఎంత పడుతుందో, మూత్రపిండాలు ఓర్చుకుంటాయో లేదో చూసి చెప్పాల్సింది మాత్రం తమరేనని దండం పెట్టాడు. ఆచార్యుల ముఖం కాస్త తేటపడింది. నాడి చూసి, గుడ్లకు అనుమతి ఇచ్చాడు. అచ్చమ్మ కొంగులోంచి పప్పు గుత్తి బయటికి తీసింది.

పట్టాభిషేకం రోజు వచ్చింది. కోట ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. రాయబారి ముందు వరసలో కూర్చున్నాడు. శంఖం ఊదేవాడికి ఆ రోజే ఎక్కడలేని దమ్ము వచ్చింది, ఊదుతూనే ఉన్నాడు. రాజుగారి చేతులమీద నరాలు ఉబ్బాయి, చెమట కారింది. కత్తి మాత్రం దిగలేదు. శంఖమే ముందు అలిసిపోయింది. జనం అరుపులకు కోటమీది పావురాలన్నీ లేచాయి. తూస్తే రాజుగారు తొమ్మిది మణుగులున్నారు. రాయబారి ఈసారి ఏమీ అడగలేదు.

రాజుగారు ఆనందం పట్టలేక, "ఓబన్నా, నీ నిలువెత్తు బెల్లం కూడా ఊరికి పంచుతాను, ఎక్కు," అన్నారు.

ఓబన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. "తక్కెడ పట్టేవాడు తక్కెడ ఎక్కకూడదని ఆచారం ప్రభూ."

"ఆ ఆచారం ఎప్పటిది?"

"ఇప్పుడే మొదలైంది ప్రభూ."

నలుగురు కుస్తీవీరులు ఎత్తి కూర్చోబెట్టారు. అవతలి పళ్లెంలో రాజుగారికి తూచిన తొమ్మిది మణుగుల బెల్లం అలాగే ఉంది. ముల్లు కదల్లేదు. పదో మణుగు పోశారు. పదకొండోదీ పోశారు. అచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోటలో పప్పు నిషేధమైన రోజుల్లో రాజుగారి వాటా పప్పూ, దానిమీది నెయ్యీ రోజూ ఎవరింటికి వెళ్లాయో అప్పుడు అందరికీ అర్థమైంది. ఓబన్న ఆ మూడు నెలల్లో గరిటెకన్నా బరువైనది ఏదీ ఎత్తలేదు.

రాజుగారు కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. తన ఉంగరం తీసి ఇచ్చారు. అది ఓబన్న చిటికెన వేలికి కూడా పట్టలేదు. కృశాంగ కేసరి బిరుదు కూడా అతనికే ఇచ్చేశారు. ఆ నవ్వు ఆగాక, మనసులో ఇన్నాళ్లూ తొలుస్తున్న సంగతి అడిగారు.

"ఒకటి చెప్పు. ఆ వెదురుబొంగు నా కింద విరిగి తీరుతుందని నీకంత నమ్మకం ఎలా కలిగింది?"

ఓబన్న ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పాడు. రాయబారివంక చూశాడు. ఆకాశంవంక చూశాడు. తప్పేట్టు లేదు.

"దానికి ముందు పెట్టిన నాలుగు బొంగులూ నా కిందే విరిగాయి ప్రభూ."