సుంకమ్మ కొట్టేసిన కంప కంచె

అనగనగా ఒక ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడి ఉండేవి. ఇళ్ళకి చేతులేంటి అమ్మమ్మా అని నవ్వకు. ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య రేగుకంప కంచె. ఆ ఇంటికీ అవతలింటికీ మధ్య మళ్ళీ కంచె. ఊరి మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తెగకుండా ఎండుకంపే. పాత కంప తియ్యకుండా ఏటేటా దాని మీదే కొత్తది పేర్చేవాళ్ళు.

ఇళ్ళేమో బోదగడ్డి కప్పిన కొట్టాలు. ఊరి వెనక కొండ. కొండ నిండా నడుమెత్తు బోదగడ్డి, ఎండాకాలం వస్తే గలగలలాడుతూ ఉండేది.

ఆ ఊరికి ఇంకో పిచ్చి కూడా ఉండేది. కోతలయ్యాక గడ్డివామిని చేలో వెయ్యరు. తెచ్చి వాకిట్లో, గోడకి ఆనించి, చూరు తగిలేలా వేస్తారు. ఎందుకూ? పిల్లనిచ్చేవాళ్ళు వచ్చినప్పుడు ముందు వామి ఎత్తు చూసి, ఆ తర్వాత పిల్లవాడి మొహం చూస్తారు గనక! వామి లేని వాకిలంటే వాళ్ళకి బొట్టు లేని మొహంతో సమానం.

ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒక కోడలు. మొగుడు నాపరాళ్ళ గనిలో పనికి పోయి ఎప్పుడో గానీ రాడు. ఇంట్లో సుంకమ్మా, కాళ్ళు పడిపోయిన అత్త ఈరమ్మా. ఈరమ్మకి కాళ్ళు పడిపోయినా నోరు మాత్రం పరుగెత్తేది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. రోజూ పోట్లాడుకునేవాళ్ళు కూడా.

సుంకమ్మకి ఒకటే దిగులు. కొండ మంట ఊళ్ళోకి వస్తే అందరూ పరుగెత్తుతారు. మంచం మీదున్న అత్త ఎలా పరుగెత్తుతుంది?

మంట ఎందుకొస్తుందీ అంటావా? దానంతటది రాదమ్మా. మనుషులే పెట్టేవాళ్ళు. ముదురుగడ్డి కాలిస్తే తొలకరికి లేతగడ్డి మొలుస్తుంది, పశువులు మేస్తాయి. అందరికంటే ఎక్కువ పశువులు పెద్దింటి మద్దిలేటివి. అందుకని ఆయన ఊఁ అంటే కొండ కాలేది.

మొదటేడు మంట కొండ నడుం దాకా దిగి ఆగింది. రెండో ఏడు మోకాలి దాకా దిగి ఆగింది. మూడో ఏడు పాదం దాకా వచ్చి, కింద పారే వంకలో తడి ఉంటే ఆగింది.

"చూశారా, ఆగింది" అనుకుంది ఊరు.

"చూశారా, వచ్చింది" అనుకుంది సుంకమ్మ.

నాలుగో ఏడు వానల్లేవు. వంకలో ఇసక తప్ప ఇంకేం లేదు. అప్పుడు సుంకమ్మ కొంగు నడుముకి బిగించి చావిడి దగ్గరికి పోయింది. మద్దిలేటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూచున్నాడు.

"మామా, వామి చేలోకి మార్పించు. ఇంటికీ ఇంటికీ మధ్య కంప తీయించు. కొండకీ ఊరికీ నడుమ ఒక పట్టీలాగా నాగలితో దున్నించు. మట్టి తేలితే మంట దాటదు. ఇది మనమంతా కలిసి చేసే పని" అంది.

మద్దిలేటి పకపకా నవ్వాడు. "ఏమే కోడలా, వామి చేలో వేస్తే నా చిన్నోడికి పిల్లనెవరిస్తారు, నువ్విస్తావా? మంట కొండ మీద లేదే, నీ నోట్లో ఉంది. ముందు దాన్ని ఆర్పుకో!"

అరుగు మీదున్న వాళ్ళందరూ నవ్వారు. వాళ్ళలో భయం ఉన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళే ఇంకా గట్టిగా నవ్వారు.

సుంకమ్మకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? "నవ్వండి మామా, నవ్వండి. నవ్వితే ఆరే మంట ఎక్కడైనా ఉంటే నాకూ చూపించండి" అని విసురుగా వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చి, మచ్చుకత్తి తీసి, తన ఇంటి చుట్టూ కంప కొట్టడం మొదలుపెట్టింది. చేతులు గీసుకుపోయాయి. ఈరమ్మ మంచంలోంచి కేకేసింది. "ఒసే, కోపమంతా కంప మీద చూపించకే. కొంచెం ఆ మద్దిలేటికి కూడా మిగుల్చు!"

అప్పుడు సుంకమ్మ ఎండాకు ఊడ్చింది. గోడకి ఆనించిన కట్టెలూ పిడకలూ దూరంగా మోసి వేసింది. బంకమట్టి తొక్కి, నిచ్చెన వేసుకుని, కొట్టం మీది బోదకి దళసరిగా మెత్తింది. వచ్చేపోయేవాళ్ళు ఆగి, "ఇదేంటే, ఇంటికి ముద్దపప్పు పూస్తున్నావా?" అన్నారు. "అవును, నెయ్యి తెచ్చుకో" అంది.

అన్నీ అయ్యాయి గానీ ఒక్కటి మిగిలింది. సుంకమ్మ ఇంటికీ మద్దిలేటి ఇంటికీ మధ్య కంచె. అది ఇద్దరిదీ. మొదటిసారి సుంకమ్మ దాన్ని కొట్టేస్తే, తెల్లారేసరికి మద్దిలేటి కొత్త కంప వేయించాడు. రెండోసారి కొట్టేస్తే, రెండింతల కంప వేయించి, వామిలోంచి గడ్డి లాగి దాని సందుల్లో కూరించాడు. మూడోసారి మచ్చుకత్తి ఎత్తేసరికి, ఊరంతా వినేలా అరిచాడు. "ఇంకొక్క కొమ్మ కొట్టావంటే అత్తనీ నిన్నూ మంచంతో సహా పొలిమేర దాటిస్తా!"

మంచంతో సహా అన్నాడు, విన్నావా? లేవలేని ముసలమ్మని పట్టుకుని అన్నాడు. సుంకమ్మ మచ్చుకత్తి దించింది. భయపడి కాదు. అత్త కళ్ళలో నీళ్ళు చూసి దించింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మద్దిలేటి ఊఁ అన్నాడు. కొండకి నిప్పు పెట్టారు.

మిట్టమధ్యాహ్నం గాలి తిరిగింది. మంట కొండ నడుం దాటింది, మోకాలు దాటింది, పాదం దాటింది. ఎండిన వంకని ఒక్క అంగలో దాటింది. ఒక నిప్పురవ్వ ఎగిరొచ్చి, ఊళ్ళోకెల్లా ఎత్తైన వామిని చూసుకుని, దాని మీద కూచుంది. ఎవరి వామి అని అడక్కు, నీకు తెలుసు.

వామి భగ్గుమంది. వామి నుంచి చూరుకి, చూరు నుంచి కంచెకి. ఇళ్ళన్నీ చేతులు పట్టుకుని ఉన్నాయి కదా, మంట ఆ చేతుల మీదుగానే ఇంటింటికీ పరుగెత్తింది. జనం బిందెలు పట్టుకుని బావికి పరుగెత్తారు. బిందె నిండేలోపు ఇంకో కొట్టం అంటుకునేది.

సుంకమ్మ అత్త మంచాన్ని బరబరా లాగి, ఊడ్చిన వాకిలి నడుమ పెట్టింది. చుట్టూ ఒట్టి మట్టి. రవ్వలు ఇంటి మీద పడి, మట్టిపూత మీద జారి చల్లారిపోతున్నాయి.

అప్పుడు అటువైపు నుంచి కేక వినిపించింది. మద్దిలేటి, ఆయన పెళ్ళాం బాలమ్మ, చంకలో చంటి మనవరాలు. ముందు వాకిట్లో వామి మండుతోంది. వెనక కొండ, అవతల పక్కిల్లు మండుతున్నాయి. మిగిలింది సుంకమ్మ వైపు. అక్కడేమో ఆయన వేయించిన కంపే, సందుసందునా ఆయన కూరించిన గడ్డే.

"నన్ను చూస్తావేంటే, నేనెక్కడికీ పోను. ఆ పిల్లని చూడు!" అని ఈరమ్మ అరిచింది.

సుంకమ్మ మచ్చుకత్తి తీసింది. కంచె ముందు కొస అప్పటికే అంటుకుంది. ఆమె వెనక కొస మీద పడి నరికింది. నరుకుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. "వద్దన్నానా! కంప వద్దన్నానా! గడ్డి వద్దన్నానా!" ఒక్కో మాటకి ఒక్కో కొమ్మ తెగింది. కత్తి చిక్కుకుంటే చేతులతో లాగింది. నెత్తురు కారుతోంది, నోరు ఆగట్లేదు. దారి పడింది. ముందు చంటిదాన్ని అందుకుంది, తర్వాత బాలమ్మని లాగింది. చివరికి మద్దిలేటి ముళ్ళ మధ్యలోంచి పాక్కుంటూ వచ్చి, ఈరమ్మ మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. తను పొలిమేర దాటిస్తానన్న మంచమే అది.

ఆ తర్వాత ఊరు ఊరంతా ఆ వాకిట్లోకే వచ్చి చేరింది. సాయంత్రానికి మంట ఆగింది. మనుషులు మిగిలారు. ఇళ్ళు మిగల్లేదు. కట్టు విప్పే దిక్కులేక రెండు దూడలు పోయాయి.

మద్దిలేటి మసి మొహంతో లేచి నిలబడ్డాడు. "అమ్మవారికి కోపమొచ్చిందప్పా. జాతర చేద్దాం, శాంతిస్తుంది" అన్నాడు. ఊరు తలలూపింది. చూడు ఎంత సులువో! నిప్పు పెట్టింది తను, గడ్డి కూరింది తను, తప్పేమో అమ్మవారిది.

సుంకమ్మ అడుగు ముందుకేసింది. గీరుకుపోయిన రెండు చేతులూ అందరి ముందూ చాపింది.

"అమ్మవారికి కాదు మామా కోపమొచ్చింది. నాకొచ్చింది. మేకపోతుతో తీరదు నా కోపం. నాగలి తీసుకురా."

ఈరమ్మ మంచంలోంచి, "ఎడ్లు కూడా తెమ్మనవే, మరిచిపోతాడు" అంది.

మర్నాడు పొద్దున్నే కొండకీ ఊరికీ మధ్య మొదటి చాలు మద్దిలేటే దున్నాడు. తల ఎత్తకుండా దున్నాడు. సుంకమ్మ గట్టు మీద నిలబడి, "ఇంకా వెడల్పు" అంటూనే ఉంది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎండలు ముదరకముందే కంప తీసేస్తారు, పట్టీ దున్నుతారు. కొండకి నిప్పు పెట్టరు, ముదురుగడ్డి కోసుకొస్తారు. వామి చేలోనే. పిల్లనిచ్చేవాళ్ళొస్తే ముందు వాకిలి ఊడ్చారో లేదో చూస్తారట. సుంకమ్మ కోపం తగ్గిందా అంటావా? తగ్గలేదు. ఏడాదికోసారి చీపురు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది, గోడకి ఆనించిన కట్టె కనిపిస్తే కేకలేస్తుంది.

మన పెరట్లో గోడ పక్కన కొబ్బరిమట్టలు ఎన్నాళ్ళ నుంచి పడున్నాయో చూశావుగా? పొద్దున్నే లేచి నువ్వూ నేనూ తీసేద్దాం. మీ తాత నవ్వితే నవ్వనీ. ఇప్పుడు కళ్ళు మూసుకో.

కంపేమో కొట్టేసి, వామేమో చేలోకి,
ఆకేమో ఊడ్చేసి, నాగలేమో చాల్లోకి,
కునుకేమో కంటికి, కోపమేమో రేపటికి,
కథ పోయె కంచికి, మనమొస్తిమి మన ఇంటికి!